తర్వాతి రిక్వెస్టు మీద పడే తప్పు

చిరంజీవికి ఆశీస్సులు.

సర్వర్ కోడు సొంతంగా రాయడం మొదలుపెట్టావని తెలిసి చాలా సంతోషించాను. నాకు రెండు రాత్రులు నిద్ర లేకుండా చేసిన సంగతి ఒకటి ఉంది. అది నీకు ముందే చెప్పాలి.

రిక్వెస్టులో వచ్చే డేటా పొడవెంతో సర్వర్‌కు ముందే చెప్పే వరుస కంటెంట్-లెంగ్త్ హెడర్. అందులో ఉండే అంకె అక్షరాల లెక్క కాదు, బైట్ల లెక్క. "తెలుగు" అన్న మాటనే తీసుకో. జావాస్క్రిప్ట్‌ను దాని పొడవు అడిగితే 6 అంటుంది. అక్షరాలను బైట్లుగా మార్చే పద్ధతి యుటిఎఫ్-8లో అదే మాట 18 బైట్లు. హెడర్‌లో 6 అని రాసి పంపావనుకో, సర్వర్ "తె" వరకు చదివి, రిక్వెస్టు పూర్తయిందనుకుంటుంది. మిగిలిన "లుగు" ఎక్కడికీ పోదు. కనెక్షన్ తెరిచే ఉంటే ఆ 12 బైట్లనూ తర్వాతి రిక్వెస్టుకు మొదలుగా చదివి, అర్థం కాక 400 (రిక్వెస్టు తప్పుగా ఉందన్న జవాబు) ఇస్తుంది. తప్పు ముందుదానిది, శిక్ష వెనకదానికి. నేను రెండు రాత్రులూ వెతికింది ఆ వెనక రిక్వెస్టులోనే! ఇంగ్లిషు పేర్లతో పరీక్షించినంత కాలం అక్షరానికి ఒక బైటే కాబట్టి లోపం బయటపడలేదు.

అందుకే ముందు ఎన్‌కోడ్ చెయ్యి, అంటే బైట్లుగా మార్చు, ఆ తర్వాతే కొలువు. వీలైతే ఆ లెక్క లైబ్రరీకే వదిలెయ్యి.

అంకె ఎక్కువైతే సర్వర్ రాని బైట్ల కోసం ఎదురుచూస్తుంది. ఎన్‌జిన్‌ఎక్స్ (nginx) అనే వెబ్ సర్వర్ అయితే, మనం మార్చకపోతే, 60 సెకన్ల పాటు ఏమీ రాకుండా ఉంటే 408తో, అంటే గడువు దాటిందన్న జవాబుతో ముగిస్తుంది. సగం వచ్చిన డేటాను మాత్రం ఎన్నడూ భద్రపరచకు.

అన్నిటికన్నా నాకు భయం వేరే చోట. డేటాను ముక్కలుగా పంపుతున్నామని చెప్పే హెడర్ ట్రాన్స్‌ఫర్-ఎన్‌కోడింగ్. ఒకే రిక్వెస్టులో కంటెంట్-లెంగ్త్, ట్రాన్స్‌ఫర్-ఎన్‌కోడింగ్ రెండూ వస్తే ముందున్న ప్రాక్సీ (రిక్వెస్టులను అందుకుని సర్వర్‌కు చేరవేసేది) ఒకదాన్ని, వెనకున్న సర్వర్ ఇంకోదాన్ని నమ్మవచ్చు. ఆ సందులోంచి మరొకరి రిక్వెస్టు ముందు తన బైట్లు అతికించే దాడి 2005 నుంచీ తెలిసినదే. హెచ్‌టిటిపి ప్రమాణం ప్రకారం ట్రాన్స్‌ఫర్-ఎన్‌కోడింగ్‌కే విలువ, సర్వర్‌కు తిరస్కరించే హక్కూ ఉంది. నువ్వు తిరస్కరించు. 400 ఇచ్చి కనెక్షన్ మూసెయ్యి. రెండు వేర్వేరు కంటెంట్-లెంగ్త్‌లు వచ్చినా అంతే. ఏది నిజమో ఊహించి సర్దుకుపోవడం ఇక్కడ దయ కాదు, ఇతరుల డేటాతో చెలగాటం.

ఈ వారంలోనే ఒక పరీక్ష చెయ్యి. తెలుగు పేరున్న రిక్వెస్టును అంకె ఒకటి తగ్గించి పంపు, అదే కనెక్షన్ మీద సరైనది ఇంకొకటి పంపు. ఆ రెండోదానికి ఏ జవాబు వచ్చిందో నాకు రాయి.