ఫోన్ ఓఎస్‌ను బిల్డ్ చేస్తానంటున్న అబ్బాయికి కొత్త కంప్యూటర్ కొనాలా?

ప్రశ్న: మా అబ్బాయి కాకినాడలో ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాడు. తోటివాళ్లు యాప్‌లు, వెబ్‌సైట్లు నేర్చుకుంటుంటే, వీడు ఫోన్ ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) అయిన ఆండ్రాయిడ్‌నే మొత్తంగా బిల్డ్ చేస్తానంటూ రాత్రంతా నల్ల తెర ముందు కూర్చుంటున్నాడు. ఇప్పుడున్న 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ చాలదట, లక్షన్నర పెట్టి డెస్క్‌టాప్ కొనమంటున్నాడు. దీనివల్ల ఉద్యోగం వస్తుందా? కొనమంటారా?

జవాబు: ల్యాప్‌టాప్ చాలదన్న మాటలో అబద్ధం లేదు. ఆండ్రాయిడ్ మూల కోడ్‌ను పూర్తిగా బిల్డ్ చేయడానికి, అంటే ఫోన్‌లో నడిచే ఓఎస్‌గా మార్చడానికి, కనీసం 64 జీబీ ర్యామ్, 400 జీబీ ఖాళీ స్థలం, లినక్స్ అనే ఓఎస్ నడిచే యంత్రం కావాలని గూగుల్ తన పత్రాల్లోనే చెబుతోంది. 72 కోర్ల (ప్రాసెసర్‌లో ఒకేసారి పనిచేసే భాగాల) యంత్రం మీద నలభై నిమిషాల్లో ముగిసే పూర్తి బిల్డ్‌కు 6 కోర్ల యంత్రం మీద ఆరు గంటలు పడుతుందన్నది కూడా వారి లెక్కే. అయినా ఇప్పుడే కొనవద్దనే నా సలహా.

కారణం చెబుతాను. ఆ డెస్క్‌టాప్ వచ్చిన మొదటి వారంలో మీ అబ్బాయి చేసే పని అయిదారు కమాండ్లు కొట్టడమే. రెపో ఇనిట్, రెపో సింక్‌లతో కోడ్ దించుకుంటాడు, ఎన్వ్‌సెటప్ అనే స్క్రిప్ట్‌ను సోర్స్ చేస్తాడు (తెరిచి ఉన్న టెర్మినల్‌లోనే నడుపుతాడు), లంచ్ అనే కమాండ్‌తో ఏ పరికరానికి బిల్డ్ చేయాలో ఎంచుకుంటాడు, చివరికి ఎం అనే ఒక్క అక్షరం కొట్టి ఎదురుచూస్తాడు. (లంచ్ పేరు చూసి నవ్వుకోకండి, ఆండ్రాయిడ్ ఆధారంగా తయారైన లీనియేజ్ ఓఎస్ వాళ్లకు బ్రేక్‌ఫాస్ట్, బ్రంచ్ అనే కమాండ్లు కూడా ఉన్నాయి.) ఈ వరుస ఏ వీడియో చూసినా వస్తుంది కనుక, రెజ్యూమెలో "ఆండ్రాయిడ్ బిల్డ్ చేశాను" అన్న వాక్యానికి ఇంటర్వ్యూ చేసేవారు పెద్దగా విలువ ఇవ్వరు. వారు అడిగేది ఆ తరువాతి ప్రశ్న.

ఉదాహరణకు, ఎన్వ్‌సెటప్‌ను మామూలు స్క్రిప్ట్‌లా నడపకుండా సోర్స్ ఎందుకు చేయాలి? మామూలుగా నడిపితే అది వేరే షెల్‌లో (కమాండ్లను అందుకుని నడిపే ప్రోగ్రాంలో) నడిచి ముగిసిపోతుంది, అందులోని లంచ్, ఎం వంటి ఫంక్షన్లు మనం కూర్చున్న షెల్‌కు చేరవు; కొత్త టెర్మినల్ తెరవగానే "లంచ్ అనే కమాండ్ లేదు" అని వచ్చేది కూడా ఇందుకే. లంచ్‌కు ఇచ్చే పేరులో ప్రొడక్ట్, రిలీజ్, వేరియంట్ అని మూడు భాగాలు ఎందుకు, దుకాణంలో అమ్మే ఫోన్‌కు యూజర్ వేరియంట్ వాడుతూ డెవలపర్‌కు తప్పులు వెతకడానికి వీలుండే యూజర్‌డీబగ్ ఎందుకు ఇస్తారు? ఆండ్రాయిడ్ 7.0 నుంచి వచ్చిన సూంగ్ అనే బిల్డ్ వ్యవస్థ, ఫోల్డర్లలోని ఆండ్రాయిడ్.బీపీ ఫైళ్లను చదివి, పనులను నడిపించే నింజా అనే ప్రోగ్రాంకు పనుల జాబితా రాసిస్తే, ఒక్క ఫైలు మార్చినప్పుడు నింజా అన్నిటినీ కాకుండా కొన్నిటినే మళ్లీ ఎలా కంపైల్ చేస్తుంది? వీటికి జవాబు చెప్పగల విద్యార్థి యంత్రం ఏదైనా రాణిస్తాడు.

అన్నిటికంటే ముఖ్యమైనది, ఆగిపోయిన బిల్డ్‌ను చదవడం. తెర మీద చివరి వరుసల్లో "బిల్డ్ స్టాప్డ్, సబ్‌కమాండ్ ఫెయిల్డ్" అని ఉంటుంది. చాలామంది పిల్లలు దాన్నే కాపీ చేసి అందరినీ అడుగుతూ తిరుగుతారు. అసలు సంగతి పైకి వెళితే "ఫెయిల్డ్" అని మొదలయ్యే తొలి వరుస దగ్గర, లేదా అవుట్ ఫోల్డర్‌లోని ఎర్రర్.లాగ్‌లో ఉంటుంది. "కిల్డ్" అని కనిపిస్తే చాలాసార్లు తప్పు కోడ్‌లో కాదు, ర్యామ్ చాలక సిస్టమే ఆ పనిని ఆపేసిందన్నమాట. అప్పుడు జే ఆప్షన్‌తో ఒకేసారి నడిచే పనుల సంఖ్య తగ్గించి చూడాలి.

ఉద్యోగాల సంగతికి వస్తే, ప్లాట్‌ఫామ్ ఇంజినీర్, బీఎస్పీ (బోర్డ్ సపోర్ట్ ప్యాకేజీ) ఇంజినీర్, బిల్డ్ అండ్ రిలీజ్ ఇంజినీర్ అనే పేర్లతో ఈ పని ఉంటుంది. హైదరాబాద్‌లో క్వాల్‌కామ్ వంటి చిప్ సంస్థల కార్యాలయాలు ఉన్నాయి. కార్లలోని తెరలకు ఆండ్రాయిడ్ ఆటోమోటివ్ వచ్చాక ఈ పని ఫోన్లకే పరిమితం కాలేదు. అయితే యాప్, వెబ్ ఉద్యోగాలతో పోలిస్తే ఫ్రెషర్లకు ఖాళీలు తక్కువే, పరీక్షించేది కూడా సీ, సీ ప్లస్‌ప్లస్, ఆపరేటింగ్ సిస్టమ్స్, లినక్స్ మీదే. ఈసీఈ విద్యార్థికి డివైజ్ ట్రీ (పరికరంలోని హార్డ్‌వేర్ వివరాల పట్టిక), డ్రైవర్ల వంటివి అర్థమయ్యే అవకాశం ఎక్కువ కనుక, మీవాడు తప్పు దారిలో లేడు.

ఈ సెమిస్టర్‌లో, ఇప్పుడున్న ల్యాప్‌టాప్ మీదే పోస్ట్‌మార్కెట్‌ఓఎస్‌ను బిల్డ్ చేయమనండి. ఆల్పైన్ లినక్స్ మీద నిర్మించిన ఈ ఫోన్ ఓఎస్‌కు పీఎంబూట్‌స్ట్రాప్ అనే కమాండ్ లైన్ పరికరం ఉంది. ఇనిట్, ఇన్‌స్టాల్ అని రెండు దశల్లో ఇమేజ్ తయారుచేసి, ఫోన్ లేకుండానే, కంప్యూటర్‌లోనే మరో యంత్రాన్ని అనుకరించే క్యూఎంయూలో నడిపి చూసుకోవచ్చు. దానికి వందల జీబీలు అక్కర్లేదు. తరువాత అందులోని ఒక ప్యాకేజీని తానే మార్చి మళ్లీ బిల్డ్ చేయాలి, ఆ మార్పు ఏమిటో, ఎక్కడ ఆగిందో, ఎలా దాటాడో ఒక పేజీ రాయాలి. మీకు సాంకేతిక విషయాలు తెలియకపోయినా ఫరవాలేదు. "రాత్రి ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది" అని ఒక్క మాట అడగండి. కారణం వివరిస్తే నేర్చుకుంటున్నట్లు, "మళ్లీ నడిపితే అయిపోయింది" అంటే ఇంకా సమయం పడుతుందన్నట్లు.

ఆ పేజీ మీ చేతికి వచ్చాక, ఆండ్రాయిడ్ కోసం గంటల లెక్కన అద్దెకిచ్చే క్లౌడ్ యంత్రం తీసుకుని, కటిల్‌ఫిష్ అనే వర్చువల్ పరికరానికి ఒకసారి బిల్డ్ చేయవచ్చు. యంత్రాన్ని ఆపినా దాని డిస్కుకు బిల్లు పడుతూనే ఉంటుంది, పని కాగానే డిస్కును కూడా తొలగించాలని గట్టిగా చెప్పండి. పాత వీడియోల్లో ఏఓఎస్పీ-మెయిన్ అనే బ్రాంచి (ఆండ్రాయిడ్ కోడ్‌లో ఒక శాఖ) దించుకోమంటారు. 2025 మార్చి నుంచి గూగుల్ దాని బదులు ఆండ్రాయిడ్-లేటెస్ట్-రిలీజ్ వాడమంటోంది. ఇదంతా అయ్యాక కూడా సొంత యంత్రం కావాలంటే, అప్పుడు 64 జీబీ ర్యామ్, ఒక టీబీ ఎస్‌ఎస్‌డీ ముందు చూసుకుని, ఆటల కోసం పెట్టే ఖరీదైన గ్రాఫిక్స్ కార్డును పక్కన పెట్టండి. ఈ పనికి అది అక్కరకు రాదు.