సందేహాలు – సమాధానాలు: ప్లాస్మాను ‘గడ్డకట్టించాలి’ అనవచ్చా?

సందేహం: హైదరాబాద్‌లో ఒక పరిశోధన ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. కొత్తగా చేరిన సహాయకుల కోసం ఫ్రీజర్ దగ్గర, ఫ్రీజ్‌డ్రయ్యర్ (ఫ్రీజ్ చేసిన ద్రావణంలోంచి తడి తీసేసే యంత్రం) దగ్గర తెలుగులో సూచనలు రాసి అంటించాను. ‘ప్లాస్మా నమూనాలను వెంటనే గడ్డకట్టించాలి’, ‘ప్రొటీన్ ద్రావణాన్ని ఘనీభవించి ఎండబెట్టాలి’, ‘వాడేముందు కరిగించాలి’ – ఇవీ నేను రాసినవి. ఒక సహోద్యోగి రెండోదాన్ని ‘హిమశుష్కీకరణ చేయాలి’ అని మార్చమంటున్నారు. ఇంకొకరు ఇంగ్లీషు మాటలే ఉంచేయమంటున్నారు. ఏది సరైన తెలుగు?

సమాధానం: ముందుగా మీ మొదటి వాక్యం సంగతి చూద్దాం. మూడింటిలో వెంటనే మార్చాల్సింది అదే.

‘రక్తం గడ్డకట్టింది’ అంటే తెలుగువారెవరికీ చలి గుర్తురాదు, గాయమే గుర్తొస్తుంది. రక్తం విషయంలో ఆ మాట ఎప్పుడో స్థిరపడిపోయింది. ప్లాస్మా రక్తంలో భాగమే కనుక ‘ప్లాస్మాను గడ్డకట్టించాలి’ అని చదివిన కొత్త సహాయకుడికి రెండు అర్థాలు తోచే వీలుంది. ఆ రెండూ ఒకదానికొకటి పూర్తిగా విరుద్ధం. బ్లడ్ బ్యాంకుల్లో ప్లాస్మాను వేరుచేసిన కొద్ది గంటల్లోనే ఫ్రీజ్ చేసి, మైనస్ 30 డిగ్రీల దగ్గర ఏడాది దాకా దాచేది ఎందుకు? రక్తస్రావాన్ని ఆపే అంశాలు అందులో చెడిపోకుండా ఉండాలని. అంటే రోగి ఒంట్లోకి ఎక్కించాక రక్తం గడ్డకట్టడానికి సాయపడే శక్తిని కాపాడటానికే దాన్ని ఫ్రీజ్ చేస్తారు. అలాంటి ప్లాస్మా ముందే సంచిలో గడ్డకట్టిందంటే ఇక పనికిరాదు. చేయమన్న పనికీ చేయకూడని పనికీ ఒకే మాట వాడిన సూచన గోడ మీద ఉండటం మంచిది కాదు.

ఇందులో మీ తప్పేమీ లేదు. ఈ క్రియ స్వభావమే అంత. ‘గడ్డకట్టు’ అనేది ఫలితాన్ని చెబుతుంది కానీ కారణాన్ని చెప్పదు. కొబ్బరినూనె చలికి గడ్డకడుతుంది. సిమెంటు బస్తా తేమకు గడ్డకడుతుంది. డబ్బాలో పంచదార గాలి తగిలి గడ్డకడుతుంది. రక్తం తనలోని ప్రొటీన్ల వల్ల గడ్డకడుతుంది. కారణం ఏమిటన్నది పక్కనున్న నామవాచకాన్ని బట్టి మనమే పట్టుకుంటాం. తెలుగు నేల మీద నీళ్లు వాటంతట అవే గడ్డకట్టడం చాలా అరుదు. చలికాలంలో లంబసింగి లాంటి చోట్ల మాత్రమే ఆ మాట వినిపిస్తుంది. అందుకే చిక్కబడటానికీ గట్టిపడటానికీ మన మాటలు ఎక్కువగా వంటింట్లో పుట్టాయి. నెయ్యి పేరుకుంటుంది, పాలు తోడుకుంటాయి, పాకం ముదురుతుంది. మంచు అనే ఒక్క మాటతోనే పొగమంచునీ, ఆకు మీది తుషారాన్నీ, హిమాలయాల మీది హిమాన్నీ చెప్పుకుంటాం. చలికి నీరు రాయిలా మారడానికి మాత్రమే పనికొచ్చే ప్రత్యేకమైన క్రియ మనకు అవసరపడలేదు. నీళ్లు, ఉప్పునీరు, బఫర్ ద్రావణాల దగ్గర ‘గడ్డకట్టించు’ నిక్షేపంగా వాడుకోండి. రక్తం, ప్లాస్మా, సీరం దగ్గర వద్దు. పాల దగ్గర కూడా నేనైతే జాగ్రత్తపడతాను.

మరి ‘ఘనీభవించు’ సంగతి? పాఠ్యపుస్తకాలు దాన్నే వాడతాయి. అది శాస్త్రీయంగా సరైనదే కానీ, అందులోనూ చలి లేదు. ద్రవం ఘనపదార్థం కావడం ఏదైనా ఘనీభవనమే. విశాఖ ఉక్కు కర్మాగారంలో కరిగిన ఉక్కు దాదాపు 1,500 డిగ్రీల వేడిలోనే ఘనీభవిస్తుంది. కొవ్వొత్తి మైనం గది ఉష్ణోగ్రతలోనే ఘనీభవిస్తుంది. అందుచేత చలి ముఖ్యమైన చోట ‘మైనస్ 80 డిగ్రీల దగ్గర ఘనీభవింపజేయాలి’ అని ఉష్ణోగ్రతను కలిపి రాయాల్సిందే.

ఆ మాటను వాడేటప్పుడు జరిగే వ్యాకరణ దోషం మీ రెండో వాక్యంలో ఉంది. ‘ద్రావణాన్ని ఘనీభవించి’ అన్నారు. ‘ఘనీభవించు’ చివర ‘ఇంచు’ ఉండటంతో అది ‘చేయించు’ లాంటిదని పొరబడతాం. పత్రికల్లో కూడా ఈ పొరపాటు తరచూ కనిపిస్తుంది. కానీ అది అకర్మకం. ద్రావణం ఘనీభవిస్తుంది, మనం దాన్ని ఘనీభవింపజేస్తాం. సంస్కృతంలో చ్వి ప్రత్యయం చేరితే ‘ఘన’ అనేది ‘ఘనీ’ అవుతుంది. దాని తరువాత ‘భూ’ ధాతువు వస్తే అలా కావడం, ‘కృ’ ధాతువు వస్తే అలా చేయడం. ఘనీభవనం దానంతట జరిగేది, ఘనీకరణం మనం చేసేది. ద్రవీభవనం, ద్రవీకరణం కూడా అంతే. పశుసంవర్ధక శాఖవారు ‘ఘనీకృత వీర్యం’ అనడం ఈ లెక్కన చక్కటి ప్రయోగం. ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల దగ్గర పెట్టి మనిషే దాన్ని అలా చేశాడు కాబట్టి ‘కృత’ సరిగ్గా అతికింది.

చల్లగా నిల్వచేసిన ప్రతిదాన్నీ గడ్డకట్టినదిగా చెప్పకూడదని ఇక్కడే ఒక మాట అనాలి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ జన్యుబ్యాంకులో జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ విత్తనాలను మైనస్ 20 డిగ్రీల దగ్గర దాస్తారు. వాటిని ముందుగా 15 డిగ్రీల దగ్గర పొడి గాలిలో తేమ బాగా తగ్గేదాకా ఆరబెడతారు. ఆ తరువాతే మూసిన ప్యాకెట్లలో చలిలోకి పంపుతారు. గింజలో మంచు స్ఫటికాలు కట్టేంత నీరు మిగలదు, అందుకే అది బతికి ఉంటుంది. ‘గడ్డకట్టించిన విత్తనాలు’ అని ఒక వ్యాసంలో చూసి బాధపడ్డాను. గింజలో గడ్డకట్టకుండా చేయడమే అక్కడి పనితనమంతా. ‘అతిశీతలంలో దాచిన విత్తనాలు’ అంటే సరిపోతుంది. టీకాల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. హెపటైటిస్ బి టీకా సున్నాకు అర డిగ్రీ దిగువకు వెళితేనే గడ్డకట్టి పాడవుతుంది. దాన్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. అలాంటి పెట్టె మీద ‘శీతలీకరించాలి’ అని మాత్రమే రాస్తే ఎంత చలి అన్నది తెలియదు. ‘చల్లగా ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు’ అని రెండు ముక్కలూ రాయాలి.

ఇక ‘ఎండబెట్టడం’. మీ ప్రశ్నలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే, ఎందుకంటే ఈ విషయంలో తెలుగు చాలా సంపన్నమైన భాష. తడి పోవడానికి మనకు ఎన్నో క్రియలున్నాయి. అది ఏ దారిన పోయిందో క్రియే చెబుతుంది. నేలలోకి పోతే ఇంకింది, పొయ్యి మీద పోతే ఇగిరింది, బొట్లు బొట్లుగా కారిపోతే ఓడింది, గాలికి పోతే ఆరింది, ఎండకు పోతే ఎండింది. ఎండ, ఎండు ఒకే ధాతువులోంచి వచ్చాయి. ఇవాళ యంత్రంలో వేడిగాలితో ఆరబెట్టినా ‘ఎండబెట్టు’ అనేస్తున్నాం కానీ, ఆ మాటలో వేడి మిగిలే ఉంది.

ఆరడానికీ ఎండడానికీ ఇంకో తేడా ఉంది. బట్ట ఆరితే అదే బట్ట. కడిగిన బియ్యం ఆరబోస్తే అవే బియ్యం. ఎండితే మాత్రం వస్తువు రూపం మారుతుంది. మిరపకాయ ముడుచుకుంటుంది, చేప ఎండుచేప అవుతుంది, వంకాయ ముక్క ఒరుగవుతుంది. తడి పైపైన ఉన్నప్పుడు ‘ఆరు’, వస్తువు సారమే పోయినప్పుడు ‘ఎండు’ అని స్థూలంగా చెప్పుకోవచ్చు.

ఈ తేడా పట్టుకుని మీ యంత్రం దగ్గరికి రండి. గాజు సీసాలో ద్రావణాన్ని గట్టిగా ఫ్రీజ్ చేస్తారు. చుట్టూ గాలి తీసేస్తారు. గది గాలి ఒత్తిడి సుమారు 1,013 మిల్లీబార్లయితే, 6.11 మిల్లీబార్లకు దిగువన నీరు ద్రవంగా నిలవలేదు. ఫ్రీజ్‌డ్రయ్యర్‌లో ఒత్తిడిని ఒక మిల్లీబారు కన్నా తక్కువకు దించుతారు. అప్పుడు మంచు నీరు కాకుండానే ఆవిరై లేచి, ఇంకా చల్లగా ఉన్న కండెన్సర్ చుట్ల మీద మళ్లీ మంచుగా అంటుకుంటుంది. సీసాను దగ్గరగా చూస్తే పైనుంచి కిందికి ఒక గీత దిగుతూ కనిపిస్తుంది. గీతకు పైన తెల్లని పొడి భాగం, కింద ఇంకా మెరిసే మంచు. చివరికి, పోసిన ద్రావణం ఎంత ఎత్తుందో దాదాపు అంతే ఎత్తున సున్నితమైన తెల్లటి ముద్ద నిలుస్తుంది. ఫార్మా కంపెనీల్లో దాన్ని కేక్ అంటారు. మంచు ఉన్న చోట్ల ఇప్పుడు సన్నటి రంధ్రాలున్నాయి. పోయింది లోపలి నీరే అయినా వస్తువు ముడుచుకోలేదు. అందుకే నా ఓటు ‘ఆరబెట్టడానికి’.

‘ఎండబెట్టాలి’ అంటే వచ్చే నష్టం అర్థంతో ఆగదు. పంచదార కలిపిన ద్రావణాలు, మంచు ఇంకా పోకముందు, సుమారు మైనస్ 32 డిగ్రీలను దాటి వేడెక్కితే ఆ కేక్ కూలిపోయి జిగురు ముద్దవుతుంది. ఎండబెట్టడమంటే వేడి పెంచడమే అనుకున్న కొత్తవాడు తొందరపడితే జరిగేది అదే.

మీ సహోద్యోగి చెప్పిన ‘హిమశుష్కీకరణ’ సమాసంగా నిర్దోషమే. పరిశోధన వ్యాసం శీర్షికలో వాడితే నేను అభ్యంతరం చెప్పను. కానీ తెలుగు చెవికి శుష్కం అంటే ఏమిటి? శుష్కించిన దేహం, శుష్క వాగ్దానాలు. కృశించడం, సారం లేకపోవడం. రూపాన్నీ సారాన్నీ నిలబెట్టే ప్రక్రియకు ఆ పేరు పెట్టడం నాకు రుచించదు. పైగా గోడ మీది సూచన చదివేవారికి అది ఏ పని చేయాలో చెప్పదు.

మంచు నేరుగా ఆవిరి కావడాన్ని పుస్తకాలు ‘ఉత్పతనం’ అంటాయి. పైకి ఎగరడం అని దాని అర్థం. మంచి మాట, ఉంచుకోవాలి. కాకపోతే ఈ సంగతి తెలుగువారికి కొత్తది కాదు. మూత సరిగా పెట్టని డబ్బాలో కర్పూరం బిళ్ల కరగకుండా, తడి కాకుండా చిన్నదై చివరికి మాయమవుతుంది. డబ్బు హారతి కర్పూరంలా హరించుకుపోయిందంటాం. ఆ ‘హరించుకుపోవడం’లో వెలిగించిన కర్పూరం కాలడం కూడా కలిసి ఉంది కనుక సాంకేతిక పదంగా పనికిరాదు. కొత్తవారికి వివరించేటప్పుడు మాత్రం కర్పూరం కన్నా మంచి ఉదాహరణ దొరకదు.

‘వాడేముందు కరిగించాలి’ అన్న మూడో వాక్యం పైకి నిరపాయంగా కనిపిస్తుంది కానీ, అందులోనూ చిక్కుంది. మంచు కరుగుతుంది, ఉప్పు నీళ్లలో కరుగుతుంది. మనకు రెండింటికీ ఒకే క్రియ. ఫ్రీజర్‌లోంచి తీసిన నమూనాకు అర్థం ఒకటి, ఫ్రీజ్‌డ్రై చేసిన సీసాకు ఇంకొకటి. మొదటిదానికి ఏమీ కలపకూడదు, రెండోదానికి కలపకపోతే పనే జరగదు. మీజిల్స్–రుబెల్లా టీకా సీసాలో పొడిగా వస్తుంది. ఆరోగ్య కార్యకర్తలు దానితో వచ్చిన ద్రావకాన్నే కలిపి, నాలుగు గంటల్లోపు వాడి, మిగిలింది పారేస్తారు. అక్కడ ఉత్త ‘కరిగించాలి’ అంటే చాలదు. ఈ చిక్కుకు విరుగుడు తెలుగు వ్యాకరణంలోనే ఉంది. తనంతట జరగనివ్వాల్సిన చోట ‘కరగనివ్వాలి’, మనం చేయాల్సిన చోట ‘కరిగించాలి’ అనండి. దేనిలో కరిగించాలో ‘లో’ ప్రత్యయంతో చెప్పండి.

ఫ్రీజ్‌డ్రై ప్రక్రియను 1909లో అమెరికాలో షాకెల్ అనే శాస్త్రవేత్త శూన్యం సాయంతో ప్రయోగశాల పద్ధతిగా వివరించాడు. 1935లో ఫ్లాస్‌డార్ఫ్, మడ్ అనేవారు ఇలా నిల్వచేసిన సీరం గురించి రాస్తూ ‘లయోఫైల్’ అనే మాట వాడారు. గ్రీకు మూలాలను బట్టి దానికి ద్రావకాన్ని ఇష్టపడేది అని అర్థం. రంధ్రాలున్న ఆ పొడి నీరు తగలగానే చటుక్కున కరగడాన్ని చూసి పెట్టిన పేరది. ఫ్రీజ్‌డ్రై చేయడానికి మీరు రోజూ అనే ఇంకో పేరు ‘లయోఫిలైజేషన్’ అందులోంచే వచ్చింది, అందులో చలీ లేదు, ఆరడమూ లేదు. ఇంగ్లీషు మాట ఉంచేస్తే అర్థం దానంతట అదే స్పష్టమవుతుందన్న నమ్మకం అందరికీ వర్తించదు.

అలాగని ఇంగ్లీషు మాటలను తరిమేయమనను. ఫ్రీజర్, ఫ్రీజ్ చేయడం, శాంపిల్, వాక్యూమ్ ఇప్పుడు తెలుగువారి మాటలే. ‘చికెన్ ఫ్రీజ్ చేశాను’ అనే ఇల్లాలికి అందులో పరాయితనం తోచదు. యంత్రం పేరూ ప్రక్రియ పేరూ ఫ్రీజ్‌డ్రయ్యర్, ఫ్రీజ్‌డ్రై అనే ఉంచండి. చేయాల్సిన పనిని మాత్రం తెలుగు క్రియల్లో విడమరిచి చెప్పండి.

మీ సూచనలను నేనైతే ఇలా రాస్తాను. ‘ప్లాస్మా శాంపిళ్లను వెంటనే మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టి ఫ్రీజ్ చేయాలి.’ ‘ప్రొటీన్ ద్రావణాన్ని పూర్తిగా గడ్డకట్టించి, ఫ్రీజ్‌డ్రయ్యర్‌లో వాక్యూమ్ కింద ఆరబెట్టాలి, మంచు పోయేదాకా వేడి పెంచకూడదు.’ మూడోదాన్ని రెండుగా విడగొట్టండి. ఫ్రీజర్ తలుపు మీద ‘వాడేముందు బయటపెట్టి ఐస్ పూర్తిగా కరగనివ్వాలి, ఏమీ కలపకూడదు’ అనీ, పొడి సీసాలున్న అర దగ్గర ‘చెప్పినంత ద్రావకం పోసి, అందులో పొడిని కరిగించాలి’ అనీ అంటించండి. మీ ఫ్రీజర్ ఉష్ణోగ్రత వేరైతే ఆ అంకె మార్చుకోండి. ప్లాస్మా వాక్యాన్ని మాత్రం రేపే మార్చండి.