హన్మకొండలో పెళ్లికి వెళ్లాలంటే కాజీపేటలో దిగాలా, వరంగల్‌లోనా?

హన్మకొండలో పెళ్లి, టికెట్లేమో వరంగల్‌కు తీశాం, పిల్లలూ సామానూ ఉన్నాయి, ఎక్కడ దిగితే మేలు అని అడిగారు. కాజీపేటలో దిగండి. పద్దెనిమిదేళ్లుగా హన్మకొండ అల్లుడిని, ఈ ఒక్క విషయంలో నా మాట నమ్మొచ్చు.

టికెట్ వరంగల్ దాకా ఉంది కదా, ముందే దిగితే ఏమైనా అంటారా అని భయపడకండి. ఎవరూ ఏమీ అనరు, ఆ పది కిలోమీటర్ల చార్జీ పోతుంది, అంతే. కాజీపేట దాకా తీసుకుని వరంగల్ దాకా పోతేనే టీసీతో పేచీ.

హైదరాబాద్‌లో మనకు అదంతా వరంగలే. హన్మకొండ వరంగల్, కాజీపేట వరంగల్, జనగామ దాటితే చాలు అన్నీ వరంగలే. అక్కడివాళ్ల దగ్గర ఈ మాట అనకండి. 2021లో వరంగల్ అర్బన్ జిల్లా పేరు హన్మకొండగా మార్చాక కాజీపేట ఒక జిల్లాలో, వరంగల్ స్టేషన్ ఇంకో జిల్లాలో ఉన్నాయి. ఈ తేడా నాకు ఎలా తెలిసొచ్చిందో చెబుతాను.

అప్పటికి ఉప్పల్ మెట్రో కొత్త. సంక్రాంతికి మా ఆవిడ, పిల్లలు రెండు రోజుల ముందే వెళ్లారు. నాకు సెలవు దొరికేసరికి భోగి వచ్చేసింది. మా ఇల్లు ఉప్పల్‌లో. వరంగల్ బస్సులన్నీ ఉప్పల్ రింగ్ రోడ్డు మీదుగానే పోతాయి కదా, మళ్లీ వెనక్కి సికింద్రాబాద్ పోయి రైలెక్కడమేంటి అని మా ఆవిడ అప్పుడూ అడిగింది, ఇప్పుడూ అడుగుతుంది. పండగ రోజు ఆ రింగ్ రోడ్డులో నిలబడినవాళ్లకే తెలుస్తుంది ఎందుకో. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఫ్లైఓవర్ అన్నారు, 2018లో పనులు మొదలయ్యాయి. ఆ స్తంభాల కింద దుమ్ము తిన్న ఏళ్లకు లెక్కలేదు. సరే, అది వేరే గోల.

ఉప్పల్‌లో మెట్రో ఎక్కి సికింద్రాబాద్ ఈస్ట్‌లో దిగాను. రిజర్వేషన్ లేదు. వరంగల్‌కు జనరల్ టికెట్ తీసుకుని, వరంగల్ వైపు పోయే బండి ఏదని ఒకాయన్ని అడిగితే ఎదురుగా ఉన్నది చూపించాడు. ఆయన తప్పు లేదు, నేను అడిగింది 'వైపు' అనే. ఎక్కేశాను. అది భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్, కాగజ్‌నగర్ పోయే బండి. భువనగిరి దాటాక సీటు దొరికింది, ఆలేరు దాటాక నిద్ర పట్టింది.

కాజీపేటలో మెలకువ వచ్చింది. సగం పెట్టె ఖాళీ అవుతోంది. మా అత్తగారింటికి ఆటోలో చిన్న దూరం, అయినా నేను కదల్లేదు. తర్వాతి స్టేషన్ వరంగలే కదా, టికెట్ కూడా అక్కడిదాకా ఉంది, పెద్ద స్టేషన్‌లో దిగుదాం అనుకున్నాను. ఆ పిసినారితనమే కొంప ముంచింది.

బండి కదిలి ఎడమకు తిరిగింది. ఇళ్లు పోయి పొలాలొచ్చాయి. పావుగంట దాటినా వరంగల్ రాదు. ఎదురుగా జమ్మికుంట పోయే ఒక అవ్వ కూర్చుని ఉంది. 'వరంగల్ ఇంకెంత దూరం అవ్వా?' అన్నాను.

'వరంగల్ యాడిది బిడ్డా? ఇది కాగజ్‌నగర్ బండి. ఇగొచ్చేది ఉప్పల్.'

నిద్రమత్తు ఇంకా దిగలేదు. ఉప్పల్ అనగానే బండి మళ్లీ హైదరాబాద్ వచ్చేసిందేమో అనిపించింది, నిజంగా. తర్వాత తెలిసింది, కాజీపేటకూ జమ్మికుంటకూ మధ్య ఇంకో ఉప్పల్ ఉందని. అక్కడ దిగాను. పొద్దు గూకుతోంది. చేతిలో స్వీటు డబ్బా, జేబులో వరంగల్ టికెట్. బావమరిదికి ఫోన్ చేశాను.

'బావా, ఏడున్నవ్?'

'ఉప్పల్‌లో.'

'అయ్యో, ఇంకా ఇంటికాడనే ఉన్నవా? బయల్దేరనే లేదా?'

'కాదురా, మీ ఉప్పల్.'

కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత ఫోన్ పక్కన పెట్టేసి మరీ నవ్వాడు. వెనక నుంచి ఇంకో నలుగురి నవ్వు. బండేసుకుని వచ్చి నన్ను తీసుకెళ్లేసరికి రాత్రి ఎనిమిదైంది. సకినాలు పళ్లెంలో పెడుతూ మా అత్తమ్మ ఒక్క మాట అనలేదు, మొహం మాత్రం పక్కకు తిప్పుకుంది. అసలు బాధ మామగారితో. ఆయన కాజీపేట డీజిల్ షెడ్‌లో పనిచేసి రిటైరయిన మనిషి. 'కాజీపేట దాటినంక బండి ఏ దిక్కు తిరిగిందో చూసుకోవద్దా అల్లుడా?' అని మొదలుపెట్టి, తిన్న పళ్లెం మీద వేలితో మూడు గీతలు గీశారు. ఒకటి సికింద్రాబాద్ నుంచి, ఒకటి విజయవాడ నుంచి, ఒకటి బల్లార్షా నుంచి.

ఆ పళ్లెం పాఠం తర్వాత ఇప్పుడు ఎవరికైనా చెప్పగలను. సికింద్రాబాద్ నుంచి 132 కిలోమీటర్లు వచ్చాక కాజీపేటలో దారి చీలుతుంది. విజయవాడ పోయే బండ్లు నేరుగా వరంగల్ మీదుగా పోతాయి. ఢిల్లీ, నాగ్‌పూర్ పోయేవి ఎడమకు తిరిగి జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం దారి పడతాయి, వాటికి వరంగల్‌తో పనే లేదు. చెన్నై నుంచి ఢిల్లీ పోయే తమిళనాడు, జీటీ (గ్రాండ్ ట్రంక్) ఎక్స్‌ప్రెస్ లాంటివి వరంగల్‌లో ఆగి, కాజీపేట స్టేషన్‌లోకి రాకుండానే పక్కనుంచి మళ్లిపోతాయి. కావాలంటే రెండు వందే భారత్‌లను చూడండి. 2023లో మొదలైన విశాఖ బండి వరంగల్‌లో ఆగుతుంది, 2024లో వచ్చిన నాగ్‌పూర్ బండి కాజీపేటలో ఆగుతుంది.

ఇంత పెద్ద జంక్షన్‌ను జనం వరంగల్‌కు ముందు వచ్చే స్టేషన్ అని తీసిపారేస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఒకప్పుడు విశాఖ నుంచి వచ్చే లింక్ దక్షిణ్ పెట్టెలను ఇక్కడే ఢిల్లీ పోయే దక్షిణ్ ఎక్స్‌ప్రెస్‌కు తగిలించేవారు. కోచ్ ఫ్యాక్టరీ వస్తుందని మామగారి తరం 1980ల నుంచి ఎదురుచూసింది, అది పంజాబ్‌లో కపుర్తలాకు పోయింది. 2023 జూలై 8న ప్రధాని వరంగల్ వచ్చి కాజీపేట వ్యాగన్ల యూనిట్‌కు శంకుస్థాపన చేసిన రోజు మామగారు టీవీ ముందు కూర్చుని, 'మనుషులు కూసునే పెట్టెలడిగితే బొగ్గు పోసే డబ్బాలిస్తమంటున్నరు' అన్నారు. నన్నడిగితే, ఆ ఫ్యాక్టరీ అప్పుడే వచ్చి ఉంటే మా బావమరిది ఊరు వదిలేవాడే కాదు.

మీ సంగతికి వస్తే, కాజీపేటలో బయటికి రాగానే హన్మకొండ చౌరస్తాకు షేర్ ఆటోలు దొరుకుతాయి, పెద్ద లగేజీ ఉంటే మాట్లాడుకుని పొండి. మొదట చెప్పిన రేటుకు ఒప్పుకోకండి. పెళ్లివాళ్లు నిట్ దగ్గర బస ఇచ్చి ఉంటే ఇంకా దగ్గర. మర్నాడు వరంగల్ కోట చూడాలనుకుంటే మాత్రం అది వరంగల్ స్టేషన్ వైపు. వేయిస్తంభాల గుడి హన్మకొండలోనే ఉంది, మధ్యాహ్నం కాళ్లు కాలతాయి, పొద్దున్నే వెళ్లండి.

మీరు బండి పేరు చెప్పలేదు. విశాఖ వందే భారత్ అయితే నేను పైన రాసిందంతా వదిలేయండి, అది కాజీపేటలో ఆగదు, వరంగల్‌లోనే దిగాలి. పొరపాటున కాగజ్‌నగర్ బండి ఎక్కితే కాజీపేటలో చచ్చినట్టు దిగండి. ఉప్పల్ దాకా వచ్చి తీసుకెళ్లడానికి మా బావమరిది ఇప్పుడు ఊళ్లో లేడు, దుబాయ్‌లో ఉన్నాడు.