డేటాబేస్ కమాండ్‌లైన్ టూల్‌కు కొత్త కమాండ్ చేర్చాలంటే సి భాష తప్పనిసరా?

తప్పనిసరి కాదు. ఆ సాకు చెప్పి విద్యార్థులను వెనక్కి పంపేవారిని చూస్తే నాకు చిరాకు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసుతో వచ్చే కమాండ్‌లైన్ టూల్ పీఎస్‌క్యూఎల్ సి భాషలోనే ఉన్నది గానీ, అదే డేటాబేసుకు పైథాన్‌లో రాసిన పీజీసీఎల్ఐ కూడా ఉన్నది. దాని బ్యాక్‌స్లాష్ కమాండ్లు (ముందు \ గుర్తు పెట్టి కొట్టే పొట్టి ఆదేశాలు) పీజీస్పెషల్ అనే విడి ప్యాకేజీలో ఉంటాయి.

చిత్తూరులో ఇంజనీరింగ్ చదువుతున్న మా అక్క కొడుకు సెలవులకు తిరుపతిలోని మా ఇంటికి వచ్చినప్పుడు, ఒక్కో టేబుల్ ఎంత చోటు తీసుకుంటున్నదో చూపే కమాండ్ రాస్తానన్నాడు. "డీటీ ప్లస్ ఉంది కదరా" అన్నాను, టేబుళ్ల జాబితాను సైజులతో చూపే కమాండ్‌ను గుర్తుచేస్తూ. "అది ఇండెక్సులను కలపదు మామా" అన్నాడు. నిజమే, వెతుకులాట త్వరగా సాగేందుకు టేబుల్‌కు తోడుగా ఉండే ఇండెక్సుల చోటు అందులో చేరదు. పీఎస్‌క్యూఎల్‌ను పెద్ద ‘ఈ’ ఆప్షన్‌తో తెరిస్తే, డీటీ ప్లస్ వంటి కమాండ్ల వెనుక నడిచే ఎస్‌క్యూఎల్ క్వెరీ తెర మీద కనిపిస్తుంది. అందులో పీజీ_టేబుల్_సైజ్ ఉన్నచోట, ఇండెక్సులనూ కలిపి లెక్కించే పీజీ_టోటల్_రిలేషన్_సైజ్ పెట్టగానే వాడికి కావలసిన లెక్క వచ్చింది. కోడ్ పని సాయంత్రానికే తేలిపోయింది. రాత్రి భోజనాల దాకా వాదించుకున్నది పేరు గురించి. సైజు కనుక ‘డీఎస్’ అందామంటే అది సీక్వెన్సులది, ‘డీఐ’ ఇండెక్సులది, ‘డీబీ’ టేబుల్‌స్పేసులది, ‘డీఎక్స్’ ఎక్స్‌టెన్షన్లది. తిరుమల బస్సులో తువ్వాళ్లు వేసి పట్టుకున్న సీట్లలా మంచి అక్షరాలన్నీ ఎప్పుడో నిండిపోయాయి. చివరకు అక్షరాన్ని వదిలి పూర్తి పదాన్నే పేరుగా పెట్టి, దానికి ఒక హెల్ప్ వాక్యమూ ఒక టెస్టూ రాయించాను.

ఉన్న కమాండ్‌కు చిన్న చేర్పు చాలుతుందా, విడి పేరు కావాలా అన్నది తేల్చుకోకుండా పంపే కోడ్ ఎంత శుభ్రంగా ఉన్నా నిలవదని నా గట్టి అభిప్రాయం. మన కాలేజీల్లో ఇది చెప్పరు. రీడ్‌మీ అనే పరిచయ ఫైలులో ఒక కామా మార్చి "ఓపెన్ సోర్స్ కాంట్రిబ్యూటర్" అని రెజ్యూమేలో రాసుకోమంటారు. 2020లో టీషర్టుల కోసం అటువంటి మార్పులు వెల్లువెత్తడంతో, పాల్గొనడానికి అంగీకరించిన ప్రాజెక్టులనే లెక్కిస్తామని హాక్టోబర్‌ఫెస్ట్ అనే ఓపెన్ సోర్స్ ఉత్సవ నిర్వాహకులు ఆ అక్టోబరులోనే నియమం మార్చవలసి వచ్చింది.

పీఎస్‌క్యూఎల్‌కే పంపదలచితే గిట్‌హబ్ పుల్ రిక్వెస్టు (మార్పును కలుపుకోమని ఆ సైటులో పెట్టే అభ్యర్థన) పనికిరాదు. హ్యాకర్స్ అనే ఈమెయిల్ జాబితాకు ప్యాచ్‌ను, అంటే మార్పుల ఫైలును పంపి, కమిట్‌ఫెస్ట్ అనే సమీక్షల జాబితాలో నమోదు చేయాలి. అది పాత సర్వర్లతోనూ పనిచేయవలసిన ప్రోగ్రామ్ కనుక, వెర్షన్‌ను బట్టి వేర్వేరు క్వెరీలు రాయవలసి రావచ్చు. ఎస్‌క్యూలైట్ అనే మరో డేటాబేసు షెల్ (కమాండ్‌లైన్ టూల్) మీద మాత్రం శ్రమ పెట్టకండి: దాని సోర్స్ అందరికీ తెరిచే ఉన్నా, బయటివారి ప్యాచ్‌లను వారు సాధారణంగా తీసుకోరు.