గోల్ఫ్‌లో కార్ట్ పాత్ మీద బంతి ఆగితే ఫ్రీ డ్రాప్ (పెనాల్టీ లేకుండా బంతిని తీసి పక్కన వదలడం) ఏ పక్కన చేయాలి?

మీరు అడిగింది ఇది. వైజాగ్‌లో గోల్ఫ్ క్లబ్ స్ట్రోక్ ప్లే పోటీ, అంటే కొట్టిన దెబ్బలన్నీ (స్ట్రోకులు) లెక్కపెట్టే పోటీ. సిమెంటు కార్ట్ పాత్ (ఆటగాళ్ళ బండ్లు తిరిగే దారి) నడిమధ్య బంతి ఆగింది. హోల్ వైపు తిరిగి చూస్తే కుడిపక్క ఫెయిర్‌వే (గడ్డి కత్తిరించిన ఆట దారి), ఎడమపక్క సరుగుడు చెట్లు, వాటి కింద తుప్పలు. మీది కుడిచేతి ఆట. బంతి చేతిలోకి తీసుకుని, ఫెయిర్‌వే పక్కన పాత్ అంచు నుంచి ఒక క్లబ్ పొడవు కొలిచి, డ్రాప్ చేసి ఆడేశారు. మార్కర్ (మీ స్కోరు రాసేవారు) రెండు స్ట్రోకులు కలపమన్నారు. ఫ్రీ డ్రాప్‌కి పెనాల్టీ ఏమిటని మీ సందేహం.

మార్కర్ చెప్పిందే రైటు. బంతి తీసినందుకు పెనాల్టీ లేదు, తప్పు చోటు నుంచి ఆడినందుకు ఉంది. ఆ హోల్ 5లో ముగించి ఉంటే కార్డు మీద 7 రాయాలి. మ్యాచ్ ప్లే (హోల్ హోల్‌కీ గెలుపోటములు తేల్చే ఆట) అయితే ఆ హోల్ పోయినట్టే.

రూల్ 16.1బి ప్రకారం కొలత పాత్ అంచు నుంచి మొదలవదు. పూర్తి రిలీఫ్ (అడ్డు నుంచి పూర్తి వెసులుబాటు) దొరికే అతి దగ్గరి పాయింట్ నుంచి మొదలవుతుంది. ఆ పాయింట్‌కి మూడు షరతులు: బంతి ఉన్న చోటుకి అన్నిటికన్నా దగ్గరగా ఉండాలి, హోల్‌కి మరింత దగ్గర కాకూడదు, అక్కడ బంతి పెడితే బంతికి గానీ మీ కాళ్ళకి గానీ స్వింగ్‌కి గానీ పాత్ తగలకూడదు. ‘దగ్గరి’ అంటే టేపు కొలతకి దగ్గరి. అక్కడ గడ్డి బాగుందా, ముళ్ళున్నాయా, చెట్టు అడ్డమా అన్నది ఆ కొలతలో లేదు. నియమం మన కష్టం చూసి జాలిపడదు, మన అదృష్టం చూసి ఏడవదు. ఎడమపక్క ఫెయిర్‌వే, కుడిపక్క తుప్పలు ఉండుంటే ఇదే లెక్క మీకు నవ్వుతూ ఫెయిర్‌వే ఇచ్చేది.

కుడిచేతి వాళ్ళకి చాలాసార్లు ఎడమపక్కే ఎందుకు దగ్గరవుతుందో అంకెల్లో చూద్దాం. పాత్ వెడల్పు 8 అడుగులు అనుకోండి. బంతి సరిగ్గా మధ్యలో, అంటే రెండు అంచులకీ 4 అడుగులు. హోల్ వైపు చూస్తే కుడిచేతి ఆటగాడు బంతికి ఎడమపక్కన నిలబడతాడు. కాబట్టి ఎడమ అంచు దాటితే కాళ్ళు పాత్‌కి ఇంకా దూరం జరుగుతాయి. క్లబ్ తల సిమెంటుకి తగలకుండా అంచు నుంచి ఓ బెత్తెడు వదిలితే చాలు, పూర్తి రిలీఫ్ వచ్చినట్టే. మొత్తం నాలుగుంపావు అడుగులు. అదే కుడిపక్కకి వెళ్తే బంతి ఒక్కటి పాత్ దాటితే సరిపోదు, మడమలు కూడా దాటాలి. 7 ఐరన్ క్లబ్‌తో నిలబడితే బంతికీ మడమకీ మధ్య దాదాపు రెండు మూరలు, అంటే 3 అడుగులు. 4కి 3 కలిపితే 7. నాలుగుంపావు ఎక్కడ, ఏడు ఎక్కడ!

ఇదే లెక్కన, ఆ పాత్ మీద కుడిపక్క దగ్గర కావాలంటే బంతి కుడి అంచుకి సుమారు రెండున్నర అడుగుల లోపు ఉండాలి. ఎడమచేతి వాళ్ళకి మొత్తం తిరగబడుతుంది. బంతి పాత్ దిగి కుడిపక్క గడ్డిలో అడుగు దూరంలో ఉండి, మీ కాళ్ళు మాత్రం సిమెంటు మీద పడుతున్నాయనుకోండి. అప్పుడు ఇంకో రెండడుగులు కుడికి జరిగితే రిలీఫ్ వచ్చేస్తుంది. అదే మీ పాయింట్, పాత్ దాటి అవతలకి పోనక్కర్లేదు. బంతి ఎడమపక్క గడ్డిలో అడుగు దూరంలో ఉంటే కాళ్ళకీ స్వింగ్‌కీ పాత్ తగలదు కాబట్టి అసలు రిలీఫే లేదు.

మీ డ్రాప్‌లో ఇంకో పొరపాటు కూడా దాగి ఉంది. కొలిచే క్లబ్, అంటే డ్రైవర్, పొడవు 45 అంగుళాలు, అంటే మూడు ముప్పావు అడుగులు. అంచు నుంచి ఆ కొలత లోపల డ్రాప్ చేస్తే బంతి అంచుకి రెండడుగుల్లో ఆగొచ్చు. అప్పుడు మడమలు మళ్ళీ సిమెంటు మీదే. ఒకవేళ కుడిపక్కే సరైన పక్క అయి ఉన్నా, కాళ్ళు పాత్ మీద ఉండగా ఆడితే అది పూర్తి రిలీఫ్ కాదు, మళ్ళీ రెండు స్ట్రోకులే. డ్రాప్ అయ్యాక ఆడబోయే క్లబ్‌తో నిలబడి చూసుకోమనేది అందుకే.

మైదానంలో ఇది ఎలా చేయాలంటే, బంతిని కదపకండి. ఆ షాట్ పాత్ అడ్డు లేకపోతే ఏ క్లబ్‌తో ఆడేవారో ఆ క్లబ్ తీయండి. ఎడమ అంచు బయట నిలబడి, షాట్ కొట్టబోయే దిశకే స్టాన్స్ తీసుకుని (కొట్టడానికి నిలబడినట్టే నిలబడి), క్లబ్ తల నేలకి ఆనించి, బంతి ఉండాల్సిన చోట ఒక టీ (బంతి నిలబెట్టే చిన్న పుల్ల) గుచ్చండి. కుడి అంచు బయట కూడా అలాగే చేసి ఇంకో టీ గుచ్చండి. బంతి నుంచి రెండు టీల దూరం డ్రైవర్‌తో కొలవండి. తక్కువ వచ్చిన టీయే మీ పాయింట్. తుప్పల్లోకి దూరి స్టాన్స్ తీసుకోవడం కుదరకపోతే అంచనా వేయాలి. దూరలేకపోయాం కదా అని పక్క మారదు. పాయింట్ కుదిరాక బంతి తీయొచ్చు. రిలీఫ్ కోసం తీసేటప్పుడు గుర్తు పెట్టాలన్న నియమం లేదు గానీ పెట్టుకోవడం మేలు. సిమెంటులో టీ దిగదు కాబట్టి ఓ రూపాయి బిళ్ళ చాలు. తర్వాత పుటర్ కాకుండా మీ బ్యాగులో అన్నిటికన్నా పొడవైన క్లబ్ (డ్రైవరే అనుకోండి) టీ దగ్గర నుంచి వేసి కొలిచి చివర ఇంకో టీ గుచ్చండి. ఆ అర్ధవలయంలో హోల్‌కి దగ్గర కాని భాగమే మీ రిలీఫ్ ఏరియా.

‘బంతి కదపకండి’ అన్నది ఊరికే కాదు. ముందే చేతిలోకి తీసుకుని, తర్వాత ఎడమపక్క తుప్పలు చూసి ‘వద్దులే, పాత్ మీద నుంచే ఆడతా’ అని తిరిగి పెడితే ఒక స్ట్రోక్ పెనాల్టీ. మన దగ్గర క్యాడీలు (బ్యాగు మోసేవాళ్ళు) చురుకు. పాత్ మీద బంతి కనపడగానే తీసి, తుడిచి, చేతికిచ్చేస్తారు. రౌండ్ మొదట్లోనే వాళ్ళకి చెప్పి పెట్టండి: నేను చెప్పేదాకా ముట్టుకోవద్దు, డ్రాప్ నేనే చేస్తాను అని. డ్రాప్ ఆటగాడే చేయాలి, క్యాడీ చేస్తే చెల్లదు.

మరి ఎడమన తుప్పలు, కుడిన ఫెయిర్‌వే ఉన్నప్పుడు ఏం చేయాలి? రిలీఫ్ మీ హక్కే గానీ తీసుకుని తీరాలన్న రూలేమీ లేదు. నేనైతే ముందు ఆ మూడు ముప్పావు అడుగుల అర్ధవలయం చూస్తాను. దాన్లో వెనకవైపు ఎక్కడైనా తుప్ప లేని చారెడు నేల దొరికితే అక్కడ డ్రాప్ చేయడమే ఉత్తమం. దొరక్కపోతే పాత్ మీద నుంచే ఆడటం. సిమెంటు మీద రాలిన కంకర రాళ్ళు తీసేయొచ్చు, క్లబ్ ఆనించొచ్చు. 7, 8 ఐరన్లతో బంతిని కాస్త కుడికాలి వైపు ఉంచి, ముందు బంతికే తగిలేలా కొడితే చక్కగానే వెళ్తుంది. క్లబ్ అడుగున గీతలు ఖాయం. సాండ్ వెడ్జ్ మాత్రం వద్దు. అడుగు గుండ్రంగా, బౌన్స్ (అడుగు ఉబ్బు) ఎక్కువగా ఉంటుంది కాబట్టి సిమెంటుకి కొట్టుకుని ఎగిరి బంతి నడుముకి తగులుతుంది. గ్రీన్ (హోల్ చుట్టూ ఉన్న నున్నటి గడ్డి) దాటి ఎక్కడికో పోతుంది.

చాలామందికి తట్టని మూడో దారి ఇంకోటి ఉంది. ఒక స్ట్రోక్ పెనాల్టీతో అన్‌ప్లేయబుల్ (ఈ బంతి ఆడలేను) అని ప్రకటించి, బంతి ఉన్న చోటు నుంచి రెండు క్లబ్బుల దూరంలో, హోల్‌కి దగ్గర కాకుండా డ్రాప్ చేయొచ్చు. రెండు డ్రైవర్లంటే ఏడున్నర అడుగులు. పాత్ మధ్య నుంచి కుడి అంచు 4 అడుగులే కాబట్టి ఫెయిర్‌వే పక్కన మూడున్నర అడుగుల మేర చోటు దొరుకుతుంది. అక్కడ బంతి అంచుకి దగ్గరగా ఆగి మీ కాళ్ళు పాత్ మీద పడితే, ఈసారి కొత్తగా ఫ్రీ రిలీఫ్ వస్తుంది. ఇప్పుడు దగ్గరి పాయింట్ కుడిపక్కే. పూర్తిగా రూలు ప్రకారమే ఫెయిర్‌వే చేరారు, ఖర్చు ఒక్క స్ట్రోకు. మీకు పడింది రెండు.

డ్రాప్ సంగతి క్లుప్తంగా. 2019 నుంచి భుజం ఎత్తు కాదు, మోకాలి ఎత్తు. నిటారుగా నిలబడినప్పుడు మోకాలు ఎంత ఎత్తుంటుందో అంత. తిప్పకుండా, విసరకుండా, నేలని తాకేలోగా మీ ఒంటికి గానీ సామానుకి గానీ తగలకుండా నిట్టనిలువునా వదలాలి. బంతి రిలీఫ్ ఏరియాలో పడి అక్కడే ఆగాలి. పాత్ అంచులు చాలా చోట్ల వాలుగా ఉంటాయి, బంతి దొర్లి మళ్ళీ సిమెంటెక్కేస్తుంది. అప్పుడు రెండోసారి డ్రాప్. అదీ దొర్లి బయటికి పోతే, రెండోసారి ఎక్కడ నేలని తాకిందో అక్కడ చేత్తో పెట్టాలి. ఆ చోటు చూసి గుర్తుంచుకోమని పక్కవాళ్ళకి ముందే చెప్పండి, లేకపోతే ఇక్కడంటే ఇక్కడని వాదనే. భుజం ఎత్తు నుంచి వదిలారని ఆడకముందే గుర్తొస్తే పెనాల్టీ లేకుండా మళ్ళీ సరిగ్గా వదలండి, ఆ తప్పు డ్రాప్ లెక్కలోకి రాదు. సరిదిద్దకుండా రిలీఫ్ ఏరియాలోంచే ఆడేస్తే ఒక స్ట్రోకు.

రిలీఫ్ దొరకని సందర్భాలూ ఉన్నాయి, గొడవలెక్కువ వీటి మీదే. కార్ట్‌లు తిరిగి తిరిగి అరిగిన ఎర్రమట్టి బాట కార్ట్ పాత్ కాదు, ఎన్ని గాడులు పడినా. సిమెంటు, తారు, పరిచిన కంకర లాంటి కృత్రిమ పూత ఉంటేనే ఈ రూలు వర్తిస్తుంది. బంతికీ గ్రీన్‌కీ మధ్య పాత్ అడ్డుగా ఉంది, దొర్లించి కొడదామంటే కుదరట్లేదు అంటే వినరు. షాట్ దారిలో అడ్డం అన్న వాదన బంతి గ్రీన్ మీద ఉన్నప్పుడే. గెడ్డ మీద వంతెనపై బంతి ఆగి, ఆ గెడ్డ పెనాల్టీ ఏరియా (బంతిని బయటికి తెచ్చుకుంటే స్ట్రోక్ ఖర్చయ్యే చోటు) అయితే, దాని హద్దు పైకి కూడా వర్తిస్తుంది కాబట్టి వంతెన మీది బంతి కూడా పెనాల్టీ ఏరియాలో ఉన్నట్టే. ఫ్రీ రిలీఫ్ లేదు. ఉన్నచోటే ఆడండి, లేదా ఒక స్ట్రోక్ ఇచ్చుకోండి. బంతి చెట్టు వేళ్ళ సందులో ఇరుక్కుని ఎలాగూ ఆడలేని స్థితిలో ఉంటే, కాలు పాత్‌కి తగులుతోందని రిలీఫ్ అడగడం కుదరదు. ఎవరూ నిలబడని రీతిలో వంకరగా నిలబడి మడమ సిమెంటుకి ఆనించి చూపించడమూ అంతే.

అయితే దీనికి అటువైపు కూడా ఉంది. ఎదురుగా చెట్టు ఉండి, పక్కకి ఫెయిర్‌వేలోకి కొట్టడమే తెలివైన పని అయితే, ఆ పక్కదిశ స్టాన్స్‌లో కాళ్ళు పాత్ మీద పడితే రిలీఫ్ వస్తుంది. డ్రాప్ తర్వాత గ్రీన్ వైపు దారి తెరుచుకుంటే అటే కొట్టొచ్చు. ఇది మోసం కాదు.

వాన పడ్డాక పాత్ పక్క గుంటల్లో నీళ్ళు నిలిస్తే, పాత్ నుంచి డ్రాప్ చేసిన బంతి ఆ నీళ్ళలో ఆగొచ్చు. అప్పుడు నీళ్ళ నుంచి మళ్ళీ విడిగా ఫ్రీ రిలీఫ్.

ఏ పక్కో తేలక, అడగడానికి పోటీ నడిపే కమిటీ వాళ్ళెవరూ దగ్గర లేకపోతే, స్ట్రోక్ ప్లేలో రెండు బంతులు ఆడొచ్చు. తర్వాతి షాట్ కొట్టకముందే మార్కర్‌కి చెప్పాలి: రెండు బంతులు ఆడుతున్నాను, రూలు ఒప్పుకుంటే ఈ బంతి లెక్కించండి అని. ఏ బంతి లెక్కించాలో చెప్పకపోతే ముందు ఆడిన బంతే లెక్క. కార్డు ఇచ్చేముందు సంగతి కమిటీకి చెప్పి తీరాలి. రెండిటికీ ఒకే స్కోరు వచ్చిందని మానేస్తే డిస్‌క్వాలిఫై చేస్తారు. మ్యాచ్ ప్లేలో ఈ సౌకర్యం లేదు.

ఇంకో మాట. టీ ఆఫ్‌కి (ఆట మొదలుకి) ముందు స్కోర్‌కార్డు వెనక స్థానిక నియమాలు చదవండి. మన వైజాగ్ ముడసర్లోవ కోర్సులో ఆడినా, బయటి ఊళ్ళో ఆడినా. ఒక దారినో గోడనో కోర్సులో భాగమని కమిటీ అక్కడ రాసి ఉంటే దాని నుంచి ఫ్రీ రిలీఫ్ ఉండదు. పూత లేని మట్టి బాటకి రిలీఫ్ ఇస్తున్నామని రాసి ఉంటే, పైన నేను ఎర్రమట్టి బాట గురించి చెప్పింది ఆ రోజుకి చెల్లదు.