ల్యూట్ వచ్చింది సరే, బాఖ్ సంగతి తర్వాత చూద్దాం నాన్నా

నాన్నా,

ఫొటోలు చూశాను రా, చాలా బావుంది. పదమూడు కోర్సుల బరోక్ ల్యూటే తీసుకున్నావ్ (కోర్స్ అంటే కలిపి మీటే తీగల జత, లేదా ఒంటి తీగ), అదీ హంస మెడలా మెడ పొడుగ్గా సాగిన మోడల్ కాకుండా పక్కన చిన్న రైడర్, అదే చిన్న అదనపు బిరడాల పెట్టె ఉన్నది, మంచి పని చేశావ్. హంస మెడ వాటిలో చివరి ఐదు జతలూ పొడుగు తీగలే, మోగడం మొదలెడితే ఓ పట్టాన ఆగవు, కొత్తగా పట్టుకున్నవాడికి వాటిని ఆపడంతోనే సరిపోతుంది. నీదాన్లో పొడుగువి చివరి రెండు జతలే.

ఇక నువ్వడిగింది, అదే బాఖ్ బీడబ్ల్యూవీ 998 (బాఖ్ రచనల జాబితాలో దాని నంబర్) ఎప్పుడు మొదలెట్టొచ్చు అని. ఇప్పుడు కాదు. గిటార్ మీద డి మేజర్‌లో ఇరగదీశావని తెలుసు, మీ అమ్మ వీడియో పంపింది, కానీ ఈ వాయిద్యం మీద దానికి కావల్సింది నీ ఎడమ చెయ్యి కాదు, కుడిచేతి బొటనవేలు, నీ బొటనవేలేమో ఇంకా ఆరో తీగ దగ్గరే ఆగిపోయింది. దాని అవతల ఇంకో ఏడు జతలున్నాయి. నేను చెప్పేదంతా ఆ ఏడింటి గురించే అనుకో.

ముందు శ్రుతి. పైనుంచి ఎఫ్, డి, ఎ, ఎఫ్, డి, ఎ, ఇవి ఆరు, ఊరికే మీటినా డి మైనర్ కార్డ్ వస్తుంది, అందుకే డి మైనర్ ట్యూనింగ్ అంటారు. ఏడో కోర్స్ నుంచి మెట్టు మెట్టూ దిగుతూ జి, ఎఫ్, ఇ, డి, సి, బి, ఎ. మొదటి రెండూ ఒంటి తీగలు, మిగతావన్నీ జతలు, మొత్తం 24 తీగలు. పైవైపు జతల్లో రెండు తీగలూ ఒకే స్వరం, ఆరు నుంచి కిందకి ఒకటి అసలు స్వరం, ఇంకోటి దానికి పై స్థాయిది, అదే ఆక్టేవ్ పైది. ట్యూనర్ యాప్‌లో 415 హెర్ట్జ్ పెట్టుకో, 440 పెట్టావంటే ముందు మొదటి తీగ టప్పుమంటుంది.

24 తీగలూ యాప్ చూసుకుంటూ చేస్తే పొద్దు గూకుతుంది, పైగా చెవి అస్సలు పెరగదు. మూడే మూడు యాప్‌తో చెయ్యి, ఒకటి రెండు మూడు కోర్సులు. ఆ తర్వాత అంతా స్థాయిలే, ఎలాగంటే రెండో కోర్స్ డి అయితే ఐదోది దాని కింద డి, పదోది ఇంకా కింద డి. మూడోది ఎ, ఆరోది ఎ, పదమూడోది కూడా ఎ. ఒకటోది ఎఫ్, నాలుగోది ఎఫ్, ఎనిమిదోది ఎఫ్. మిగిలిన నాలుగింటికి మెట్లు, అదే ఫ్రెట్లు వాడుకో, నాలుగో కోర్స్ రెండో మెట్టు జి, దాన్నుంచి ఏడోది, ఐదో కోర్స్ రెండో మెట్టు ఇ, దాన్నుంచి తొమ్మిదోది, ఆరో కోర్స్ మూడో మెట్టు సి, దాన్నుంచి పదకొండోది, అదే ఆరో కోర్స్ రెండో మెట్టు బి, దాన్నుంచి పన్నెండోది. జతలో ఒక తీగని గోటితో ఆపి రెండోది ముందు చెయ్యి, రెండూ ఒకేసారి మోగిస్తూ చేస్తే ఏది తప్పో తెలీదు.

ఇంకో మాట, ఆ బేస్ తీగల మీద మెట్లు నొక్కడం దాదాపు ఉండదు కాబట్టి రాగం మారినప్పుడల్లా, అదే కీ మారినప్పుడల్లా వాటిని మళ్ళీ శ్రుతి చెయ్యాలి. డి మేజర్ అయితే ఎనిమిదోది ఎఫ్ షార్ప్, పదకొండోది సి షార్ప్. బి ఫ్లాట్ అయితే తొమ్మిదీ పన్నెండూ అర స్వరం దించాలి. నీ 998 అసలు ఇ ఫ్లాట్‌లో ఉంది, దానికి తొమ్మిది, పన్నెండు, పదమూడు మూడూ దించాలి, దించిన తీగ కాసేపటికి మళ్ళీ పైకి పాకుతుంది. అందుకే వారానికో కీ పెట్టుకో, ఆ వారం అంతా అదే కీలో ఉన్నవి వాయించు, ఒకే పూట ఆరు కీలు తిప్పావంటే తీగలకీ నీకూ ఇద్దరికీ పిచ్చెక్కుతుంది. మాథెసన్ అని ఆ కాలంలో హాంబర్గ్‌లో సంగీతం మీద రాసే ఒక పెద్ద నోరున్న పెద్దమనిషి ఉండేవాడు, ఎనభై ఏళ్ళు బతికిన ల్యూట్ వాడు అందులో అరవై ఏళ్ళు శ్రుతి చెయ్యడానికే పోగొట్టుకుని ఉంటాడని వెటకారం చేశాడు. దానికి ఒళ్ళు మండి ఎర్న్‌స్ట్ గాట్‌లీబ్ బారన్ అనే ల్యూట్ వాడు 1727లో నూరెంబర్గ్ నుంచి ఈ వాయిద్యం మీద ఏకంగా ఒక పుస్తకమే వేశాడు. నన్నడిగితే మాథెసన్ మరీ అంత అన్యాయంగా ఏం అనలేదు.

బిరడాలు కర్రవి, గిటార్‌లాగా గేర్లుండవు, తిప్పేటప్పుడు లోపలికి నొక్కుతూ తిప్పు. మీ చికాగోలో చలికాలం హీటర్ వేస్తే గాలి ఎండిపోయి బిరడాలన్నీ జారిపోతాయి, పొద్దున లేచేసరికి సగం తీగలు వేలాడుతుంటాయి, గదిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండేలా ఒక హ్యుమిడిఫయర్ కొనుక్కో, అది ఖర్చు అనుకోకు, పైపలక చాలా పల్చన రా, రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు, పగిలితే అప్పుడు తెలుస్తుంది ఖర్చంటే. 1676లో థామస్ మేస్ అనే ఇంగ్లీషాయన ల్యూట్‌ని పగలంతా మంచం మీద దుప్పట్ల మధ్య పెట్టమన్నాడు, ఆయన బాధ చెమ్మ, నీ బాధ పొడి. మంచం మీద మాత్రం పెట్టకు, ఎవరో ఒకరు కూర్చుంటారు.

సరే బొటనవేలు. గోళ్ళు కత్తిరించేశావా లేదా? గిటార్ కోసం పెంచిన గోళ్ళతో ఈ జతల్ని మీటితే రెండు తీగలూ విడివిడిగా టిక్ టిక్ మంటాయి, వేలి కండతో మీటితేనే ఒక్క స్వరంగా వస్తాయి. అప్పట్లోనూ గోళ్ళతో వాయించినవాళ్ళున్నారు, బాఖ్ కాలంలో పేరుమోసిన ల్యూట్ విద్వాంసుడు వైస్ స్వయంగా 1723లో మాథెసన్‌కి రాసిన ఉత్తరంలో థియోర్బో, ఆర్చ్‌ల్యూట్ అనే పొడుగు మెడ ల్యూట్‌లని మామూలుగా గోళ్ళతోనే వాయిస్తారు, దగ్గర్నుంచి వింటే గరుగ్గా ఉంటుంది అన్నాడు. నువ్వు రెండూ కావాలని గిటార్‌కి గోళ్ళు ఉంచుకుంటానంటే అది నీ ఇష్టం, నేనైతే ఒప్పుకోను.

చిటికెనవేలు పైపలక మీద ఆనించాలి, బ్రిడ్జ్‌కి దగ్గరగా. పారిస్ లూవ్ర్ మ్యూజియంలో షార్ల్ మూతోన్ అనే ఫ్రెంచ్ ల్యూట్ విద్వాంసుడి బొమ్మ ఉంది, ఫ్రాన్స్వా ద త్రోయ్ 1690లో గీసింది, ఆన్‌లైన్‌లో పెద్దది చేసి ఆ కుడిచెయ్యి చూడు, ఏ పాఠమూ అంత బాగా చెప్పదు. నేను చిన్నప్పుడు వీణ నేర్చుకున్నదాన్ని కదా, నాకు వచ్చిన కష్టం అక్కడే, వీణలో తాళం తీగలు మోగించే చిటికెనవేలు ఇక్కడ కదలకుండా కూర్చోవాలి, అక్కడ పనే లేని బొటనవేలు ఇక్కడ రాజు. నీకు ఆ కష్టం లేదు కానీ గిటార్‌లో చెయ్యి గాల్లో తేలే అలవాటు ఉంది, అది పోవాలి. చిటికెనవేలు ఆనితేనే బొటనవేలికి దూరం తెలుస్తుంది.

రోజూ మొదటి పావుగంట బొటనవేలితో తప్ప ఏమీ వాయించకు. ఏడు నుంచి పదమూడు వరకు దిగు, మళ్ళీ ఎక్కు, కళ్ళు మూసుకుని. మీటిన వేలు గాల్లోకి లేవకూడదు, పక్క కోర్స్ మీద వాలి ఆగాలి, అలా వాలితేనే జతలో రెండు తీగలూ నిండుగా మోగుతాయి, తర్వాతి స్వరానికి వేలు అప్పటికే సిద్ధంగా ఉంటుంది. అది కుదిరాక దూకుళ్ళు, ఆరు నుంచి పది, ఏడు నుంచి పన్నెండు, అలా. చూసి కొట్టడం అలవాటైతే ఇక జన్మలో పోదు. అది వచ్చాక పైన చూపుడు వేలు, మధ్య వేలు మార్చి మార్చి ఒక స్కేల్, కింద బొటనవేలు రెండు స్వరాలకోసారి. ఉంగరం వేలు కార్డ్‌లకి మాత్రమే పిలువు.

బొటనవేలి విలువ ఎంతో తెలియాలంటే ఒక కథ చెప్తా, 1722లో పెటీ అనే ఫ్రెంచ్ వయొలినిస్ట్ ఒకడు వైస్ మీద పడి కుడి బొటనవేలు పై కణుపు కొరికేయబోయాడు. అసూయో ఇంకేదో గానీ ఎక్కడ కొరకాలో మాత్రం వాడికి బాగా తెలుసు.

ఇక అందరూ వదిలేసేది, ఆపడం. బేస్ తీగ మీటాక అది మోగుతూనే ఉంటుంది, సి మోగుతుండగా దాని పక్కన బి కొట్టావనుకో రెండూ కలిసి బురద అయిపోతుంది. కింది స్వరం మీటి, వెంటనే వేలు వెనక్కి తెచ్చి పాతదాన్ని ముట్టుకుని ఆపాలి. అన్నీ ఆపక్కర్లేదు, కార్డ్ మారినచోట, పక్కపక్క స్వరాలు వచ్చినచోట, ముక్క చివర. ఫ్రెంచ్ వాళ్ళ సంగీతంలో చాలావరకు మోగనివ్వచ్చు, వైస్‌లో అలా కుదరదు. దీనికి తీగలు కూడా కారణమే రా, లోహం చుట్టిన బేస్ తీగలు ఈ కాలంవి, అవసరానికి మించి మోగుతాయి. అప్పటివి గొర్రె పేగు తీగలు, తొందరగా తగ్గిపోతాయి, ఆ సంగీతం రాసింది వాటికోసం. పేగువి ఖరీదు, చికాగో గాలికి నిలవవు, నైల్‌గట్ లాంటి సింథటిక్‌వి వేసుకో ప్రస్తుతానికి. పేగు వేసుకున్నా సరే అమ్మమ్మకి మాత్రం దేంతో చేస్తారో చెప్పకు, వాయిద్యాన్ని దేవుడి గదిలోకి రానివ్వదు.

టాబ్లేచర్, అదే స్వరాల బదులు ఏ తీగ ఏ మెట్టు అని చెప్పే రాత, చూసి భయపడ్డానన్నావ్, రెండు వారాల పని అది. ఆరు గీతలు, పై గీత మొదటి కోర్స్, అక్షరాలు ఇక్కడ స్వరాల పేర్లు కావు, ఎ అంటే ఖాళీ తీగ, బి అంటే మొదటి మెట్టు, సి అంటే రెండోది, చేతిరాతలో ఆ సి చూస్తే ఆర్‌లా ఉంటుంది, కంగారుపడకు. గీతల కింద రాసిన ఎ ఏడో కోర్స్, దానికి ఒక అడ్డగీత ఉంటే ఎనిమిది, రెండుంటే తొమ్మిది, మూడుంటే పది, ఆ తర్వాత అంకెలు 4, 5, 6 అంటే పదకొండు, పన్నెండు, పదమూడు. అక్షరం కింద చుక్క ఉంటే చూపుడు వేలు, చిన్న నిలువు గీత ఉంటే బొటనవేలు. అక్షరాల మధ్య ఏటవాలు గీత కనిపిస్తే ఆ కార్డ్‌ని ఒకేసారి కొట్టకుండా విడదీసి ఒకదాని తర్వాత ఒకటి వదలాలి, ఫ్రెంచ్ ల్యూట్ అందమంతా అందులోనే ఉంది. నోట్స్‌లోకి మార్చుకుని వాయిద్దామని మాత్రం అనుకోకు, గిటార్ వాళ్ళంతా చేసే పని అదే, చేస్తే ఏ కోర్స్ మీద వాయించాలో ఆ సమాచారమంతా పోతుంది.

ఏం వాయించాలంటే, పదకొండు కోర్సుల వాటితో మొదలెట్టు, నీ పదమూడు కోర్సుల దాని మీద చక్కగా వస్తాయి, చివరి రెండు జతల జోలికి పోనక్కర్లేదు, అంతే. ప్రాగ్ కౌంట్ లోజీ ముక్కలు చిన్నవి, చేతికి హాయిగా ఉంటాయి, పాటలాగా గుర్తుండిపోతాయి. డేవిడ్ కెల్‌నర్ 1747లో హాంబర్గ్‌లో అచ్చువేయించిన పదహారు ముక్కలున్నాయి, వాటిలో తేలికవి ఏరుకో. తర్వాత ఫ్రెంచ్ వాళ్ళు, దెనీ గోతియే, మూతోన్, గాలో. ఇవి కాగితం మీద ఏమీ లేనట్టుంటాయి, ఉన్నవి ఉన్నట్టు కొడితే చప్పగా ఉంటాయి కూడా, స్వరాల్ని కొంచెం ఎగుడుదిగుడుగా, మాట్లాడినట్టు వదలాలి, అది పట్టుకోడానికి టైం పడుతుంది. ద్యుఫో రాసిన బ్లాంక్‌రోషే తోంబో, అంటే పోయినవాడి జ్ఞాపకార్థం రాసిన ముక్క, వాయించే రోజు వస్తే నాకు ఫోన్ చెయ్యి. బ్లాంక్‌రోషే కూడా ల్యూట్ వాడే, 1652లో ఇంటి మెట్లమీంచి పడి చనిపోయాడు, ఆయన మీద ఫ్రోబెర్గర్, లూయీ కూపెరాన్ కూడా రాశారు, హార్ప్సికార్డ్ కోసం, మూడూ వరసగా విను.

వైస్ ఆ తర్వాత. 1718 నుంచి చనిపోయేదాకా డ్రెస్డెన్ ఆస్థానంలో ఉన్నాడు, 1750లో బాఖ్ పోయిన ఏడాదే పోయాడు, రాసినవి వందల ముక్కలు, పెద్ద రాతప్రతులు లండన్‌లో ఒకటి, డ్రెస్డెన్‌లో ఒకటి ఉన్నాయి. సొనాటా మొత్తం నెత్తిన వేసుకోకు, అందులోని నాట్య ముక్కల్లో ముందు ఒక మెన్యుయె, తర్వాత ఒక సారబాండ్, చివర్లో ఆలమాండ్. సారబాండ్‌లోనే నీ బొటనవేలి బండారం బయటపడుతుంది, నిదానంగా ఉంటుంది కదా, దాక్కోడానికి చోటుండదు. రాబర్ట్ బార్టో నాక్సోస్‌కి వరసగా రికార్డ్ చేసిన వైస్ సొనాటాలున్నాయి, బేస్ ఎక్కడ ఆపుతున్నాడో దాని మీదే చెవి పెట్టి విను.

ఇక నీ బాఖ్. ఆయన రాసినవాటిలో ల్యూట్ మీద నేరుగా కూర్చునేవి తక్కువే నాన్నా. 995 తన చేత్తోనే ల్యూట్‌కని రాశాడు, సెల్లో ఐదో సూట్‌నే మార్చి, కానీ అందులో నీ పదమూడో కోర్స్ కన్నా కిందున్న జి అడుగుతాడు, అది నీ వాయిద్యంలో లేదు. 998 మీద ల్యూట్‌కి గానీ సెంబాలోకి, అదే హార్ప్సికార్డ్‌కి గానీ అని తనే రాశాడు. 1000 అనే ఫ్యూగ్ వైరౌఖ్ అనే ఆ కాలపు ల్యూట్ వాడు రాసిన టాబ్లేచర్‌లో మనకి మిగిలింది, కాబట్టి బాఖ్ కావల్సిందే అని పట్టుబడితే ఆ ఫ్యూగ్ చూడు, వేళ్ళు ఎక్కడ పెట్టాలో ఆ కాలంవాడే చెప్పాడు. అది కూడా వైస్ సారబాండ్ రెండు మూడు శుభ్రంగా వచ్చాకే.

వచ్చే ఆదివారం వీడియో పంపు, ముక్కలేం వద్దు, ఏడు నుంచి పదమూడు బొటనవేలితో దిగడం, ఎక్కడం, అంతే. ఫోన్ ఎదురుగా కాకుండా కుడిపక్కన, చెయ్యి ఎత్తులో పెట్టు, మొహం కనపడకపోయినా పర్లేదు, చిటికెనవేలు కనపడాలి. గోళ్ళు ఉంటే కూడా కనపడతాయి, ముందే చెప్తున్నా.

పెద్దమ్మ