బ్రహ్మరథాన్ని ‘పట్టడం’ ఏమిటి?

సందేహం: ఒక నాయకుడి సభకో, కొత్త సినిమాకో జనం ఎగబడితే ‘బ్రహ్మరథం పట్టారు’ అని పేపర్లలో రాస్తుంటారు. ఇది బ్రహ్మదేవుడి రథమేనా? రథాన్ని లాగుతారు కదా, పట్టడం ఏమిటి? ఇదే అర్థంలో ‘నీరాజనాలు పలికారు’ అనవచ్చా?
– నెల్లూరు నుంచి ఒక పాఠకుడు

సమాధానం: మీరు ‘పట్టడం’ దగ్గర ఆగి ఆలోచించినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. ఈ పలుకుబడి పుట్టుక ఆ క్రియలోనే దాగి ఉంది.

తెలుగులో రథాన్ని లాగుతాం, బండిని తోలుతాం. పట్టేవి వేరు: గొడుగు పడతాం, దివిటీ పడతాం, హారతి పడతాం, పల్లకి పడతాం. బ్రహ్మరథం ఈ చివరి వరసలోది. పేరుకు రథమే గానీ చక్రాలుండవు, భుజాల మీద మోస్తారు. బ్రహ్మ శబ్దానికి నాలుగు ముఖాల దేవుడనే కాక వేదమనీ, వేదం చదివిన బ్రాహ్మణుడనీ కూడా అర్థాలున్నాయి. గొప్ప పండితుణ్ణి గౌరవించాలనుకున్నప్పుడు ఆయన్ని పల్లకిలో కూర్చోబెట్టి, తోటి బ్రాహ్మణులే మోస్తూ ఊరేగించడం బ్రహ్మరథం. బోయీలు మోస్తే అది మామూలు పల్లకి. మోయాల్సిన పనిలేని వాళ్లు తమంత తాము వచ్చి భుజం పెడితే బ్రహ్మరథం. గౌరవమంతా ఎక్కిన వాహనంలో కాదు, మోసే భుజంలో ఉంది.

ఈ మర్యాద ఈమధ్య కాలం దాకా బతికే ఉంది. శ్రీరంగంలో కార్తిక మాసంలో కైశిక పురాణం పఠించిన, వైష్ణవాచార్యుడు పరాశర భట్టరు వంశీకులకు ఆలయం తరఫున జరుగుతూ వచ్చిన మర్యాద పేరు బ్రహ్మరథమే.

మన సాహిత్యంలో ఈ పేరు లేకుండానే దీనికి దగ్గరి దృశ్యం ఒకటుంది. శ్రీకృష్ణదేవరాయలు పోయాక అల్లసాని పెద్దన బాధతో చెప్పిన చాటుపద్యం చాలామందికి నోటికి వచ్చు. మనుచరిత్రను అంకితం పుచ్చుకున్న వేళ రాయలు ‘పల్లకి తన కేల బట్టి యెత్తె’ అంటాడు పెద్దన. చక్రవర్తి కవి పల్లకిని స్వయంగా చేత్తో పట్టి ఎత్తాడు. ‘బట్టి’ అన్న మాట చూడండి, మీరు అడిగిన క్రియ అదే. ఈ పద్యం చదివిన ప్రతిసారీ నేను ఆ మాట దగ్గర కాసేపు ఆగిపోతాను.

అలా పండితుడికి జరిగిన గౌరవం పేరు, జనం తమకు నచ్చిన ఎవరినైనా నెత్తిన పెట్టుకోవడానికి వాడుకలోకి వచ్చింది. నాయకుడికి, నటుడికి, చివరికి సినిమాకు కూడా వాడుతున్నాం. ఇది తప్పని నేననను, మాట బతకాలంటే కొత్త చోట్లకు వెళ్లాలి. కానీ నలుగురు చప్పట్లు కొట్టినంత మాత్రాన బ్రహ్మరథం అనకూడదు. జనం తమంత తాము కదిలి వచ్చిన చోటే ఆ మాటకు నిండుదనం.

మీరు అనుకున్న బ్రహ్మదేవుడి రథం కూడా లేకపోలేదు. తిరుమల బ్రహ్మోత్సవాల్లో స్వామివారి వాహనానికి ముందు ఒక చిన్న రథం ఖాళీగా సాగుతుంది. అందులో బ్రహ్మ కనిపించకుండా ఉండి ఉత్సవం నడిపిస్తాడని నమ్మకం. దాన్నీ బ్రహ్మరథమే అంటారు. అయితే దానికి చక్రాలుంటాయి, దాన్ని లాగుతారు. మన పలుకుబడికి మూలం అది కాదు.

ఇక నీరాజనం. నీరాజనమంటే హారతి. పూర్వం ఇది యుద్ధానికి సంబంధించిన శాంతికర్మ కూడా. ఆశ్వయుజ మాసం తొమ్మిదో రోజున గుర్రాలకు నీరాజనం చేయించాలని కౌటిల్యుడి అర్థశాస్త్రం చెబుతుంది. కాళిదాసు రఘువంశం నాలుగో సర్గలో రఘు మహారాజు దండయాత్రకు బయలుదేరే ముందు గుర్రాలకు ఈ విధి జరుగుతుంది. గుర్రాలకైనా, దేవుడికైనా, జననాయకుడికైనా హారతిని పడతారు, ఇస్తారు, అంతే తప్ప నోటితో పలకరు. స్వాగతం పలుకుతారు, జేజేలు పలుకుతారు. ‘జే’ అంటే జయ శబ్దమే కాబట్టి దాన్ని నోటితో పలకాల్సిందే. ‘స్వాగతం పలికారు’ అన్న అలవాటు నీరాజనానికి కూడా పాకి ‘నీరాజనాలు పలికారు’ తయారైంది. వినడానికి హాయిగా ఉన్నా అది పొసగదు. ‘నీరాజనాలు పట్టారు’ అనండి. ‘బ్రహ్మరథం’ మాత్రం ఏకవచనంలోనే ఉంచండి. ‘బ్రహ్మరథాలు పట్టారు’ అన్న వాడుక మనకు లేదు.